పసివారికి బాట నేర్పుట



నేను ముప్పదినాలుగేండ్లు పల్లెబడులలో తెలుగు చెప్పి విశ్రాంతి పుచ్చుకొన్నవాడను. చిన్ననాడు మా తండ్రిగారి యెదుట కూర్చుండి శబ్దములు, అమరము వల్లించితిని. రోడ్లను గుఱించియు, మోటారు బండ్లను గుఱించియు ప్రసంగించుటకు ఇతనికేమి యధికారమని మీరడుగవచ్చును. అధికారమేమియు లేదు. ఒక తప్పు చేసితిని. ఆ తప్పువలన కొంత తెలిసికొంటిని. అదియే నేడు చెప్పబోవుచున్నాను.

మా అమ్మాయి కాపురము హైదరాబాదులో, జూబిలీ హిల్సు చెంత ఫిలిం నగరులో. అల్లుడు చలనచిత్రముల కూర్పు శాఖలో పనిచేయుచున్నాడు. ఆ ప్రదేశము మీలో కొందఱు చూచియేయుందురు. ఒకప్పుడు ఒట్టి రాతిగుట్టలు. నేడు తెలుగు సినిమాకు అదియే నెలవు. ఫిలిం ఛాంబరు, రామానాయుడు స్టూడియో అచ్చటనే యున్నవి. కొంచెము దూరమున, బంజారా హిల్సులో, 1976లో వెలసిన అన్నపూర్ణ స్టూడియో కలదు. అచ్చటి వీథులలో పెక్కింటికి పేర్లు లేవు, నంబరులే. 36వ నంబరు రోడ్డు, 45వ నంబరు రోడ్డు అని పిలుతురు. 2020లో దుర్గము చెఱువుమీద తీగల వంతెన తెఱచిన పిమ్మట 45వ నంబరు రోడ్డు ఆ వంతెనకు దారి యైనది. గుట్టల నేల కాబట్టి బాటలు ఎక్కుచు దిగుచు, మలుపులు తిరుగుచుండును. మెఱక కావలనుండి వచ్చు బండి మెఱక యెక్కినదాక కనబడదు. ఈ సంగతి మనసులో నుంచుకొనుడు, మఱల దీనితో పనియున్నది.

మా మనుమనికి ఆఱేండ్లు. ఒకటవ తరగతి. పోయిన వేసవిలో నేనచ్చటికి పోయినప్పుడు మా అమ్మాయి, "నాన్నా, వీడికి రోడ్డు దాటడం నేర్పండి. మాకు తీరిక చిక్కడం లేదు" అనెను. నాకు మహోత్సాహము కలిగినది. నేర్పుట నా వృత్తి కదా! మా బడిలో ఎక్కములు నేర్పినట్లే, కుడి చూడు, ఎడమ చూడు, మఱల కుడి చూడు, బండి లేకున్న దాటుము అని లయకు కుదిరించి నాలుగు ముక్కలు అల్లితిని. ఎఱ్ఱదీపము ఆగుము, పచ్చదీపము పొమ్ము అని మఱి రెండు ముక్కలు చేర్చితిని. పిల్లవాడు సూక్ష్మగ్రాహి. రెండు దినములలో కంఠస్థము చేసెను. ఇంటికి వచ్చినవారందఱికిని చేతులు కట్టుకొని అప్పగించెను. వారు మెచ్చిరి. నేనును మురిసితిని.

నాలుగవనాడు ప్రొద్దుట నేను వీథి కవతల అరటిపండ్ల బండివద్ద నిలిచియుంటిని. పిల్లవాడు ఇంటి గేటు తెఱచుకొని ఇవతలి అంచున కనబడినాడు. చేతిలో పండ్లున్నవి. వాడు నన్ను చూచి నవ్వినాడు. నేను చేయెత్తి, "రారా నాయనా!" అని పిలిచితిని.

వాడు పఱుగెత్తినాడు.

కుడిప్రక్కనుండి వచ్చుచున్న మోటారు సైకిలువాడు బిగించి పట్టుటచే బండి ఒఱగి ఇసుకలో జాఱినది. పిల్లవానికిని బండికిని నడుమ మూరెడు చోటున్నదో లేదో! వానికేమియు కాలేదు. బండివాని మోకాలు గీఱుకొనిపోయినది. అతడు లేచి, బండి నిలబెట్టుకొని, పిల్లవానిని పల్లెత్తు మాట యనక, నా వంక తిరిగి, "పెద్దాయనా, పిల్లల్ని అటునుంచి పిలవకండి. మీరే ఇటు రండి" అని చెప్పి పోయెను. ఆతని వయస్సు నా శిష్యుల శిష్యుల వయస్సు. నాకు నోట మాట రాలేదు.

ఆ రాత్రి పిల్లవానిని ప్రక్కన పరుండబెట్టుకొని, "నేర్పిన ముక్కలు మఱచితివా?" అని యడిగితిని. వాడు గుక్క తిప్పుకొనక అన్నియు చదివి, "నువ్వు పిలిచావు కదా, తాతయ్యా!" అనెను.

ఆ మాట నన్ను చాలకాలము వెన్నాడినది. వాని నాలుకమీద నియమమున్నది, కాళ్లలో లేదు. ముప్పదినాలుగేండ్లు పిల్లలతో గడపియు నేనీ భేదము గమనింపనైతిని. ఈత యనుమాటకు పర్యాయపదములు పది చెప్పగలవాడు ఏటిలో దిగిన మునుగడా? బాట దాటుటయు నీతవంటిదే. గట్టుమీద వల్లించిన మాత్రమున రాదు.

పిల్లవాడు చిన్న పెద్దవాడు కాడు. వానికొక కాలమున ఒక్క వస్తువుమీదనే చూపు నిలుచును. నన్ను చూచినప్పుడు వానికి నేనును, అరటిపండ్లును తప్ప లోకము లేదు. పిలిచినది తాత, తాత పిలుపు వానికి సకల నియమములకంటెను పెద్దది. వాని కన్ను నేలకు మూడడుగుల యెత్తున నుండును. ప్రక్కన నిలిపిన కారు మనకు నడుమువఱకు వచ్చునది, వానికి గోడ. ఆ గోడ మఱుగున వాడు మనకు కనబడడు, బండివానికిని కనబడడు. పైగా తాను బండిని చూచినచో బండియు తన్ను చూచినదని వాని నమ్మకము. దూరమున వచ్చు బండి యెంత వేగముతో వచ్చుచున్నదో వానికి పోల్చుకొనుట రాదు. పెద్ద బండి దగ్గఱ, చిన్న బండి దూరమని తలచును. స్వీడను దేశమున స్టీనా సాండెల్సు అను విదుషి పసిపిల్లలను బాటలమీద పరిశీలించి 1968లో ఒక గ్రంథము వెలువరించెను. ఎంత చక్కగా నేర్పినను పసివారిని బండ్ల రద్దీకి తగినట్లు దిద్దుట సాధ్యము కాదనియు, రద్దీనే పసివారికి తగినట్లు మార్చవలెననియు ఆమె తేల్చినది. ఇది నేర్పువారి కహంకారము తగ్గించు మాట. నా కహంకారము అప్పటికే తగ్గియున్నది.

ఇంకొక సంగతి. బండి తలచినచోట ఆగదు. గంటకు 40 కిలోమీటర్ల వేగమున వచ్చు బండి ఒక్క సెకనులో పదకొండు మీటర్లు, అనగా ఆఱు బారలు సాగును. తోలువాడు పిల్లవానిని చూచి కాలు బ్రేకుమీద వేయుటకే ఇంచుమించు ఒక సెకను పట్టును. ఆ పైని బ్రేకు పట్టి బండి నిలుచుటకు ఇంకను నాలుగైదు బారలు కావలెను. ఇది పొడినేల మాట. వానలో మఱింత. అదే బండి 60 కిలోమీటర్ల వేగమున వచ్చినచో ఏమగును? వేగము పెరిగినది ఒకటిన్నర రెట్లే, కాని బ్రేకు పట్టిన పిమ్మట సాగు దూరము రెండుంబావు రెట్లు పెరుగును. మొత్తముమీద ఇరువది బారలు కావలెను. ఎద్దుబండి తోలినవారికి ఈ లెక్క వింతగా తోచును. ఎద్దు మనిషిని చూచి తానే ఆగును. ఇనుమునకు కన్ను లేదు.

మా అల్లునికి ఈ వృత్తాంతము చెప్పితిని. అతడు కొంతసేపు ఊరకుండి, "మామగారూ, వాడు మా సినిమాలు చూస్తాడు" అనెను. నాకర్థము కాలేదు. మఱునాడతడు విప్పి చెప్పెను. తెఱమీద సెకనుకు ఇరువదినాలుగు బొమ్మలు వరుసగా నడచును. చిత్రీకరించునప్పుడు సెకనుకు పదియాఱే పట్టి, ప్రదర్శించునప్పుడు ఇరువదినాలుగు చొప్పున నడపినచో, మెల్లగా పోయిన బండి ఒకటిన్నర రెట్ల వేగముతో పోయినట్లు కనబడును. నాయకుని ముందఱ జానెడు దూరమున కారు కీచుమని నిలుచుట మనమెన్నిసార్లు చూడలేదు! ఆ కారు నిజముగా నడకకంటె కొంచెము వేగముగా వచ్చియుండును. బాటకు రెండువైపుల త్రాడు కట్టి జనమును నిలిపియుందురు. ఎచ్చట నిలుపవలెనో నేలమీద ముందే గుర్తు పెట్టియుందురు. ఆ గుర్తులు పిల్లవానికి కనబడవు. కనబడునది కారు నిలిచినది, నాయకుడు చెదరలేదు అనునంతే. అల్లుడు వానిని ఒళ్లో కూర్చుండబెట్టుకొని, తన యంత్రముమీద ఒకే దృశ్యమును మొదట వేగముగాను, పిమ్మట పట్టినది పట్టినట్లును చూపెను. బండి నత్తవలె వచ్చుచున్నది. పిల్లవాడు పకపక నవ్వి, "ఇదా!" అనెను. నేను చెప్పిన పది మాటలకంటె ఆ ఒక్క నవ్వు మేలు చేసినదని నా నమ్మకము. మీ యిండ్లలో నిట్టి యంత్రము లేకపోవచ్చును. తెఱమీది బండికి త్రాడు కట్టియున్నది, మన బాటమీది బండికి కట్టలేదని చెప్పుటకు యంత్రమక్కఱలేదు.

ఆ దినము మొదలు నేను మఱల నేర్పసాగితిని. ఈసారి నోటితో కాదు. ప్రొద్దుటనే వాని చేయి పట్టుకొని వీథి అంచునకు తీసికొనిపోయి నిలుచుంటిని. దాటలేదు. మూడుదినములు అసలు దాటనేలేదు. "ఏమి కనబడుచున్నది? ఏమి వినబడుచున్నది?" అని మాత్ర మడిగితిని. వాడే చెప్పవలెను. మొదటిదినము కుక్కను, గాలిపటమును చెప్పినాడు. మూడవదినము, "ఆ తెల్ల కారులో మనిషి ఉన్నాడు, తాతయ్యా, అది కదులుతుంది" అనెను. నిలిపిన కారులో మనిషి కూర్చుండుట, చక్రము తిరుగుట, వెనుక దీపము వెలుగుట, ఈ గుర్తులు నేను చెప్పలేదు. వాడే కనిపెట్టినాడు.

విద్యుత్తుతో నడచు కార్లు, ఆటోలు, స్కూటర్లు ఇప్పుడు విరివిగా తిరుగుచున్నవి. వానికి చప్పుడు తక్కువ. పూర్వము ఎద్దుల మెడ గంటలు విని పిల్లలు తొలగెడివారు. నేడు చెవిని నమ్మరాదు. మెఱక యంచున చెవియే దిక్కని నేను మొదట చెప్పియుంటిని; చప్పుడు లేని స్కూటరొకటి మా యెదుటనే మెఱక యెక్కివచ్చినపుడు ఆ మాట వెనుకకు తీసికొంటిని. మెఱకవద్ద దాటనే దాటరాదు, రెండువైపుల బాట చాలదూరము కనబడుచోటికి నడచి అచ్చట దాటవలెనని నిశ్చయించుకొంటిమి. నూఱడుగులు ఎక్కువ నడచినంత మాత్రమున ఏమి పోయెను?

కుడి యెడమలు వానికి తాఱుమాఱగుచుండెను. పలకమీద వ్రాసినను నిలువలేదు. అప్పుడు నాకు వలపటెద్దు, దాపటెద్దు జ్ఞప్తికి వచ్చినవి. కాడి కట్టిన యెద్దు తన ప్రక్క నెన్నడును మఱవదు, ఏలయన దినదినము ఆ ప్రక్కనే నిలుచును. నేనును వానిని దినదినము నా యెడమప్రక్కనే నడిపించి, "నీవు దాపటెద్దువు" అంటిని. వానికి ఆట దొరకినది. వారము తిరుగునప్పటికి తాత యున్న ప్రక్క కుడి యని వాని యొంటికి తెలిసినది. మన దేశమున బండ్లు ఎడమప్రక్కగా పోవును గనుక, అంచున నిలిచినవానికి మొదట మీదికి వచ్చునది కుడివైపు బండి. అందుచే కుడివైపు చూపు మొదటిది. సగము దాటిన తరువాత ఎడమవైపు చూపు ముఖ్యము. నడుమ డివైడరున్న బాటలో ఒక్క వైపు చూచిన చాలునని శాస్త్రము చెప్పును గాని, దగ్గఱ దారియని ఎదురు వచ్చు పుణ్యాత్ములు మన నగరములో కొఱత లేరు గనుక, రెండువైపుల చూడవలసినదే.

"ఎడమే ఎందుకు?" అని వాడడిగెను. చక్కని ప్రశ్న. దీనికి శాస్త్రము లేదు, ఒడంబడికయే. స్వీడనువారు ఎడమన నడచెడివారు, 1967 సెప్టెంబరు 3వ తేదిన దేశమంతయు ఒక్కసారిగా కుడికి మాఱిరి. అమెరికాలో కుడియే. అచ్చటి మన బంధువుల పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు అలవాటు చొప్పున మొదట ఎడమవైపు చూచి కాలు పెట్టుదురు. అట్టి పిల్లలు మీ యిండ్లకు వచ్చిన కొంచెము కనిపెట్టియుండుడు.

కూడలి నడుమ గుండ్రని దిమ్మె యున్నచోట బండ్లు ఎటు తిరుగునో చెప్పుటకు నాకు కష్టము కలుగలేదు. జూబిలీ హిల్సులో పెద్దమ్మ గుడి కలదు. అచ్చట వాడు అమ్మవారిని కుడిచేతివైపు ఉంచుకొని ప్రదక్షిణము చేయును. మన బండ్లును దిమ్మెను కుడివైపు ఉంచుకొనియే తిరుగును. ఇంతే! అమెరికాలో బండ్లు అప్రదక్షిణముగా తిరుగునని చెప్పినప్పుడు వాడు నిజముగా నొచ్చుకొనెను.

ఇక దీపముల సంగతి. ఇచ్చటనే నా రెండవ తప్పు బయటపడినది. జూబిలీ హిల్సు చెక్‌పోస్టు కూడలివద్ద నిలుచుంటిమి. పచ్చదీపము వెలిగినది. వాడు వెంటనే "పచ్చ, పద!" అని కాలు కదపెను. వెలిగిన పచ్చ బండ్లకు! బండ్లకు పచ్చ యనగా మనకు ఆగుట. నేను నేర్పిన ముక్కలలో పచ్చ ఎవరికని లేదు. ఎన్ని బడులలో నిట్లే నేర్పుచున్నారో! నడచువారికి వేఱుగా మనిషి బొమ్మ దీపముండును. ఆ బొమ్మ పచ్చగా నుండవలెను. బొమ్మ లేనిచోట బండ్లకు ఎఱ్ఱ వెలిగి, బండ్లు నిలిచిన తరువాతనే కదలవలెను. దీపము చూచుట చాలదు, చక్రము చూడవలెను. నేలమీది తెల్లచారలు పిల్లవానిని కాపాడు మంత్రరేఖలు కావని కూడ చెప్పితిని. సందులేని రద్దీలో ఇంకొక యుపాయమున్నది. 2019 నుండి అచ్చట మెట్రో రైలు నడచుచున్నది. దాని స్టేషను మెట్లెక్కి, రోడ్డుమీదుగా పోయి, అవతలి మెట్లు దిగవచ్చును. ముసలి మోకాళ్లకు కష్టమే. కాని వాని చేయి నా చేతిలో నున్నప్పుడు మోకాళ్ల మాట వినలేదు.

పెద్దలారా! ఇదంతయు నగరపు ముచ్చట, మాకేమి పని యని మీరనుకొనవచ్చును. మా యూరి సంగతి చెప్పెదను. విజయవాడకు పోవు 65వ నంబరు జాతీయ రహదారి మా పొలములకు దగ్గఱగానే పోవుచున్నది. నాలుగు వరుసల బాట. జూబిలీ హిల్సులో రద్దీ ఎక్కువ గనుక బండ్లు నెమ్మదిగా పోవును. మా యూరివద్ద రద్దీ తక్కువ గనుకనే బండ్లు బాణములవలె పోవును. ఇంకను సిగ్నలు లేదు, మెట్లు లేవు. డివైడరును ఎక్కి దాటుట మా యూరి పెద్దలకు అలవాటు. నేనును ఎన్నిసార్లో చేసితిని. చంకలో పిల్లవాని నెత్తుకొని కూడ చేసితిని. ఆ పిల్లవాడు నేర్చుకొనుచున్నది నా నోటినుండి కాదు, నా కాళ్లనుండి. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర ప్రభుత్వపు లెక్క. ఒక జిల్లా కేంద్రపట్టణమంత జనము!

పదునాలుగేండ్ల కుఱ్ఱవానికి మోటారు సైకిలు తాళమిచ్చి, "పొలముదాకానే కదా" అనుట మన పల్లెలలో తఱచు. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము, ఈడు రాని పిల్లవాడు బండి నడపి నేరము చేసినచో తండ్రి లేక సంరక్షకుడు, లేదా బండి యజమాని దోషియగును. మూడేండ్లవఱకు చెఱ, 25,000 రూపాయల జుల్మానా. బండి రిజిస్ట్రేషను పండ్రెండు నెలలు రద్దగును. ఆ పిల్లవానికి ఇరువదియైదేండ్లు నిండువఱకు లైసెన్సు ఈయరు. నాలుగేండ్లు దాటిన పిల్లవాడు మోటారు సైకిలుమీద వెనుక కూర్చున్నను హెల్మెట్టు ఉండవలెను. అంతకు చిన్నవారిని ఎక్కించుకొన్నచో, 2022 ఫిబ్రవరిలో ప్రకటించి ఏడాది పిమ్మట అమలుపఱచిన నియమము ప్రకారము, వారిని తోలువానితో కలిపి పట్టీలతో కట్టవలెను, తొమ్మిదినెలలు దాటినవారికి తలకు హెల్మెట్టు పెట్టవలెను, వేగము 40 కిలోమీటర్లకు మించరాదు. చట్టము తెలియదనుట చట్టమునకు పనికిరాదు. పెట్రోలు ట్యాంకుమీద పసివానిని ముందు కూర్చుండబెట్టుకొని పోవుట ముద్దుగానే యుండును. బండి ఆగినప్పుడు మొదట తగులునది ఆ ముద్దుబిడ్డయే.

నేను హైదరాబాదు విడుచుటకు ముందునాటి సాయంకాలము మనుమడును నేనును చెక్‌పోస్టువఱకు నడచితిమి. ఆ దినము దారి చూపువాడు వాడు, వెంట నడచువాడను నేను. మనిషి బొమ్మ పచ్చగా వెలిగినది. నేను కాలు ముందుకు వేసితిని. వాడు నా చేయి గట్టిగా వెనుకకు లాగెను. చూడగా, ఎడమకు తిరుగు స్కూటరొకటి ఆగక మా ముందఱనుండి జాఱిపోయినది. వాడు కొంచెము సేపు నిలిచి, కుడి యెడమలు చూచి, "ఇప్పుడు రా, తాతయ్యా" అనెను.

సంక్రాంతికి వాడు మా యూరికి వచ్చును. ఇచ్చట దాపటెద్దు పాఠము పనికివచ్చును గాని, దీపముల పాఠము పనికిరాదు. రహదారి పొడవునా నడచి చూచితిని. ఊరిబాట కలియుచోట మలుపున్నది, కంపచెట్లు అడ్డము. అక్కడనుండి రెండువందల గజములు తూర్పునకు పోయిన, రెండువైపులను బాట చాలదూరము స్పష్టముగా కనబడును. మొదటి మూడుదినములు మేము అచ్చట నిలుచుందుము. దాటము.